పళ్ళేనికి రెండో అంచు

జూన్ 3

అక్కా,

చేరాను. బస్సు దిగాక జీపులో కుదుపులు తిని తిని, ఒంట్లో ఎముకలన్నీ చోట్లు మార్చుకున్నాక చేరాను. నువ్వు డ్రైవింగ్ నేర్పిన పాపానికి, దారంతా ఆ డ్రైవరు గేర్లు మార్చే తీరు చూసి పళ్ళు నూరుకుంటూనే ఉన్నాను. ప్రతి మలుపులోనూ క్లచ్ తొక్కిపెట్టి వదిలేసే రకం. నీ చేతికి దొరికితే ఏమయ్యేవాడో.

గేటు దగ్గర ఫోను తీసేసుకున్నారు. గడియారం కూడా విప్పించి, అటూ ఇటూ తిప్పి, ముళ్ళున్న మామూలుదేనని నమ్మకం కుదిరాక తిరిగిచ్చారు. ఇక్కడి పద్ధతి అది. మా రేడియో టెలిస్కోపు ఒక పెద్ద గిన్నెలా ఆకాశం వైపు నోరు తెరుచుకుని ఉంటుంది. అక్కడినుంచి వచ్చే సంకేతాలు ఎంత సన్నవంటే, దగ్గర్లో ఒక్క ఫోను ఉన్నా చెవి పక్కన లారీ హారన్ మోగించినట్టే. అందుకని ఈ కొండల మధ్య సంకేతం పంపే వస్తువు ఏదీ ఉండకూడదు. ఆఫీసులో తీగ ఫోను ఒకటుంది గానీ, అది ఎవరి ప్రాణం మీదికైనా వస్తేనే. కాబట్టి ఇక మనకి ఉత్తరాలే గతి. సరుకుల లారీ వారానికోసారి వచ్చి తపాలా తెచ్చి, తీసుకెళ్తుంది.

నేను ఇంత దూరం దేనికొచ్చానో బావకి అర్థమయ్యేలా రాయమన్నావు. బావ పేరు చెప్పి నువ్వే అడుగుతున్నావని నాకు తెలుసు. విను. వెలుగు బయల్దేరితే వేల ఏళ్ళకి గానీ మన దాకా రానంత దూరంలో ఒక రాకాసి నక్షత్రం ఉంది. మన సూర్యుడి లాంటివాటిని పాతిక దాకా ముద్ద చేస్తే ఎంతో అంత బరువు. చుట్టూ దుమ్ము కప్పేసి ఉండటంతో కంటికి కనబడదు. అంత వేడి నక్షత్రం తన చుట్టూ ఉన్న వాయువుని ఊదిపారేయాలి. మరి ఊదిపారేస్తే అది అంత బరువు ఎలా ఎక్కింది? ఏం తిని? నేననేది, దాని నడుం చుట్టూ వాయువు పళ్ళెంలా పరుచుకుని గిర్రున తిరుగుతోందని, ఆ పళ్ళెంలోంచే తిని పెరిగిందని. మా పై అధికారి ఉన్నాడు, ఇక్కడ అందరూ పెద్దాయన అంటారు. ఆయన ఒప్పుకోడు. పళ్ళెమూ లేదు గిళ్ళెమూ లేదు, ఏదో మబ్బు దారిన పోతోంది అంటాడు.

తేల్చే మార్గం ఒకటే. పళ్ళెం తిరుగుతుంటే ఒక అంచు మన వైపు వస్తూ, రెండో అంచు మన నుంచి పోతూ ఉండాలి. ఎదురొచ్చే బండి హారన్ సన్నగా వినిపించి, మనల్ని దాటగానే బొంగురుపోతుంది కదా. ఆ వాయువు పంపే రేడియో సంకేతమూ అంతే, వచ్చే వైపు కాస్త పైకీ పోయే వైపు కాస్త కిందికీ జరుగుతుంది. నాకు రెండూ దొరకాలి. ఒకటే దొరికితే పెద్దాయన మబ్బే గెలుస్తుంది.

అక్టోబరు చివరిదాకా నాకు షిఫ్టులిచ్చారు. ఆలోగా చూపించలేకపోతే ఈ పని మూసేస్తారు. మూసేస్తే నీకిచ్చిన మాట ప్రకారం ఇంటికొచ్చేసి, నీ డ్రైవింగ్ స్కూల్లో రెండో కారు ఎక్కి పాఠాలు చెబుతాను. కానీ ఆ కారు ఇప్పుడే కొనకు. నేను గెలవబోతున్నాను.

చలి మాత్రం చంపేస్తోంది.

నీ పిడుగు

*

జూన్ 16

ఒసే పిడుగా,

ఉత్తరం బావకి చదివి వినిపించాను. "అర్థమైంది" అన్నాడు. బావ అర్థమైంది అన్నాడంటే కాలేదనేగా. నాకు మాత్రం హారన్ దగ్గర బాగా అర్థమైంది. దానికి ముందు ఉన్నది బావకి వదిలేశాను.

ఒక్క విషయం సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. భారీ శరీరం, ఒకటే వేడి, తను మాత్రం కదలకుండా కూర్చుని అందర్నీ తన చుట్టూ తిప్పుకుంటుంది, పైగా పళ్ళెం ముందేసుకుని తింటూనే ఉంటుంది అని రాశావు. ఇదంతా నిజంగా నక్షత్రం గురించేనా? నేను ఈ మధ్య బరువు తగ్గాను, ఆ సంగతి నీకు తెలియదు. నడుం దగ్గర బట్టలు వదులయ్యాయి. బావని అడుగు కావాలంటే.

స్కూలు బాగానే నడుస్తోంది. నన్ను ఇప్పుడు వీధంతా బ్రేకు మేడం అంటున్నారు. కొత్తగా ఒక పళ్ళ డాక్టరు చేరాడు. మలుపు వస్తే కళ్ళు మూసుకుంటాడు. "డాక్టర్‌గారూ, మీరు పన్ను పీకేటప్పుడు కూడా ఇంతేనా?" అని అడిగాను. నవ్వలేదు. మొన్న పాఠం మధ్యలో నేను టీ తాగడానికి దిగితే, అర్జెంటుగా పేషెంటు వచ్చాడని మన కారేసుకుని ఆసుపత్రికి పోయాడు! కారు సీటు కింద బావ ఒక చిన్న డబ్బా బిగించాడు కదా, కారు ఎక్కడుందో నా ఫోన్లో మ్యాపు మీద చుక్కలా చూపించేది. దాని పుణ్యమా అని పది నిమిషాల్లో వెళ్ళి పట్టుకున్నాను. కళ్ళు మూసుకోకుండా అంత దూరం ఎలా వెళ్ళాడో నాకిప్పటికీ తెలియదు.

చలి అన్నావని కోటు పంపుతున్నాను. దర్జీ దగ్గర కూర్చుని మరీ లోపల దట్టంగా దూది పెట్టించాను. రెండు షరతులు. ఒకటి, ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి, చూడటానికి బాగోలేదని మూలన పడేయొద్దు. రెండు, చచ్చినా ఉతకొద్దు.

గెలుస్తానన్నావు. గెలువు. కారు మాత్రం చూసి ఉంచాను, కొనలేదు.

అక్క

*

జూలై 2

అక్కా,

కోటు వచ్చింది. గేటు దగ్గర జేబులన్నీ తడిమి పంపించారు. వేసుకుంటే పరుపు చుట్టుకుని నడుస్తున్నట్టుంది. అద్దంలో చూసుకుంటే నాకే నవ్వొచ్చింది, కానీ వెచ్చదనం చెప్పలేను. నీ షరతు ప్రకారం వదలట్లేదు.

నక్షత్రం నువ్వు కాదు. ఒట్టు. నువ్వు రాశాక మళ్ళీ చదువుకుంటే మాత్రం, పోలికలు అంత తీసిపారేసేవేం కాదనిపించింది.

ఇక అసలు సంగతి. మొదటి అంచు దొరికింది! కోటు రాకముందు వారమే. మన వైపు వచ్చే వాయువు, నేను లెక్క వేసిన చోటే, కాగితం మీద ముక్కులా లేచి నిలబడింది. పెద్దాయన వచ్చి చూసి, "బాగుంది. రెండోది ఏది?" అని వెళ్ళిపోయాడు. ఆయన నోట బాగుంది అన్న మాట రావడమే గొప్ప అని మిగతావాళ్ళు అంటున్నారు. రెండోదీ ఉంటుంది అక్కా. నాకు దాని చోటు కూడా తెలుసు, రేడియోలో స్టేషను నంబరు తెలిసినట్టు. ఇవాళ్టి నుంచి అక్కడే వింటాను.

నా షిఫ్టుల్లో గిన్నె పక్కనున్న చిన్న గదిలో కూర్చోవాలి. కూర్చోవడం అంటే నా సంగతి నీకు తెలుసుగా, కాళ్ళు ఒకచోట నిలవవు. గదిలోనూ బయటా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాను.

పళ్ళ డాక్టరు లైసెన్సు తెచ్చుకునే రోజు ముందుగా చెప్పు, ఆ రోజు నువ్వు వీధిలోకి రాకు.

నీ పిడుగు

*

జూలై 14

పిడుగా,

మొదటి అంచు దొరికిందని చదవగానే కేక పెట్టాను. పక్క సీట్లో నేర్చుకుంటున్న ఆవిడ భయపడి బ్రేకు తొక్కింది. వెనకాల వాడు తిట్టాడు. వాడికి కూడా చెప్పాను, మా చెల్లెలు నక్షత్రాన్ని పట్టుకుంది అని.

ఇప్పుడు అక్కగా నాలుగు మాటలు. ఆ ఉత్తరపు గుట్ట వైపు ఒక్కదానివే పోకు. దారి లేని చోట నడక ఏమిటి? కాలు మడతపడితే ఎవరు చూస్తారు? ఇంకోటి. గుట్ట కింద విడిగా చిన్న ఇల్లు ఉంది చూడు, మధ్యాహ్నమయ్యేసరికి నువ్వు అక్కడే తేలుతావు, గంటలు గంటలు కదలవు. ఎవరిది ఆ ఇల్లు? నీ వయసుకి నువ్వు ఎవరిని ఇష్టపడినా నేను కాదనను. ఏం చేస్తుంటాడు, మర్యాదస్తుడేనా, ఆ రెండూ చెప్తే చాలు. నా దగ్గర దాచడం మాత్రం నాకు నచ్చలేదు.

బావ బాగున్నాడు. ఇవాళ కూడా అర్థమైంది అన్నాడు.

అక్క

*

జూలై 29

అక్కా,

నీ ఉత్తరం చదివాక నాకు ఒళ్ళు మండింది, తర్వాత భయం వేసింది. ముందు మంట సంగతి. ఆ ఇల్లు పుస్తకాల గది. ఆ గదిలో హీటరుంది కాబట్టి మధ్యాహ్నాలు అక్కడ చదువుకుంటాను. లోపల ఏ మర్యాదస్తుడూ లేడు, ముక్కిపోయిన పత్రికలున్నాయి.

ఇక భయం. నేను గుట్టెక్కానని నీకెలా తెలుసు? నేను రాయలేదే! అంటే ఇక్కడి నుంచి ఎవరో నీకు చెబుతున్నారు.

ఇది ఎందుకంత పట్టించుకున్నానంటే, మూడు వారాలుగా నా కొంప మునుగుతోంది. రెండో అంచు ఉండాల్సిన చోట చెత్త వస్తోంది. ఆకాశంలోంచి కాదు, ఇక్కడే ఎక్కడో ఏదో పరికరం అరుస్తోంది. సరిగ్గా నా షిఫ్టుల్లోనే! నా ముందు షిఫ్టు వాళ్ళకి శుభ్రంగా ఉంటుంది. నేను వచ్చి కూర్చోగానే మొదలు. పెద్దాయన కాగితాలు చూసి, "నీ పళ్ళెం చాలా గోల చేస్తోందే" అన్నాడు. అందరూ నవ్వారు.

ఆలోచించి చూడు. లారీ వారానికోసారి. నీకు మాత్రం కబుర్లు అప్పటికప్పుడు చేరుతున్నాయి. అంటే ఇక్కడ ఎవడి దగ్గరో దొంగ ఫోనుంది. నీకు చేరవేస్తున్నదీ, నా పని పాడుచేస్తున్నదీ అదే. పుస్తకాల గదికి టీ తెచ్చేది మా వంటాయన ఒక్కడే. గుట్ట కనబడేది కూడా ఆయన వంటగది కిటికీలోంచే. నిజం చెప్పు అక్కా, ఆయనేనా?

నీ పిడుగు

*

ఆగస్టు 10

పిడుగా,

మీ వంటాయన ఎవరో నాకు తెలియదు. నాకు ఎవరూ రాయలేదు, ఎవరూ ఫోను చేయలేదు. ఇది ఒట్టేసి చెబుతున్నాను. నీ నడకలు నాకు కొత్తా? చిన్నప్పటి నుంచి కాలికి బలపం కట్టుకుని తిరిగేదానివి, గుట్ట కనబడితే ఎక్కకుండా ఉంటావా? ఊహించాను. ఇక అడక్కు.

టీ తెచ్చిచ్చే మనిషిని దొంగ అనకు, పాపం. ఆధారం లేకుండా నోరు జారితే మళ్ళీ తీసుకోలేవు.

కానీ నీ పని పాడుచేస్తున్న వాడు ఎవడైనా సరే, వాణ్ణి పట్టుకుని గేటు బయట నిలబెట్టి నాలుగు దులపాలి. అక్కడ ఏ పరికరమూ ఉండకూడదని చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఇంత బుద్ధి లేకుండా ఎలా ఉంటారే మనుషులు? నువ్వు ఊరుకోకు. వెతుకు. నీకు బండి నడపడం నేర్పింది ఎందుకు? బండేసుకుని వెతుకు.

కోటు వేసుకుంటున్నావుగా?

అక్క

*

ఆగస్టు 25

అక్కా,

నీ మాటే విన్నాను. ఇక్కడ ఒక వ్యాను ఉంది. దొంగ సంకేతం ఎటునుంచి వస్తోందో పైనున్న యాంటెన్నా తిప్పి కనిపెట్టొచ్చు. నాలుగు సాయంత్రాలు దాన్ని నేనే నడిపాను. పక్కన మెకానిక్ గారు మీటరు చూస్తూ కూర్చున్నారు. గిన్నె చుట్టూ, క్వార్టర్ల చుట్టూ, గేటు దాకా, గుట్ట దాకా. విచిత్రం ఏమిటంటే, ఎక్కడికెళ్తే అక్కడ ఉంది! యాంటెన్నా ఎటు తిప్పినా ముల్లు అదే చోట నిలబడుతోంది. మేము ఆగితే కాసేపటికి అదీ ఆగుతుంది. కదిలితే మళ్ళీ మొదలు. మెకానిక్ గారు తల పట్టుకున్నారు. నేను మాత్రం అర్థం చేసుకున్నాను. వాడు కదులుతున్నాడు. మమ్మల్ని చూసి, మా వెనకాలే తిరుగుతున్నాడు.

మా వెనకాల తిరిగేది సరుకుల ట్రాలీ ఒక్కటే. నడిపేది వంటాయన. పైగా నువ్వు ఆయన్ని వెనకేసుకొచ్చావు. తెలియని మనిషయితే అంత జాలి దేనికి? భోజనాల గదిలో అందరి ముందూ అడిగేశాను, "ఫోను ఎక్కడ దాచారు?" అని. ఆయన గరిటె కింద పెట్టాడు. జేబులు తిరగేసి చూపించాడు. తన గది తాళంచెవి బల్ల మీద పెట్టాడు. వెళ్ళి వెతికారు. పాత గొడుగు, వాళ్ళ మనవరాలి ఫొటో తప్ప ఏమీ లేవు. ఇప్పుడు ఆయన నాకు వడ్డిస్తాడు గానీ నా మొహం చూడడు. మిగతావాళ్ళు కూడా అంతే.

అయినా నేను తగ్గను. ఫోను ఇంకెక్కడో ఉంది. పెద్దాయన చివరిమాటగా చెప్పాడు, సెప్టెంబరు చివరిదాకా చూస్తాను, అప్పటికీ ఈ గోల ఆగకపోతే నీ షిఫ్టులు వేరేవాళ్ళకిస్తాను అని. రెండో అంచు అక్కడే ఉంది అక్కా. చెత్త కింద ఉంది. దాన్ని పట్టుకోకుండా నేను కదలను.

నీ పిడుగు

*

సెప్టెంబర్ 5

బంగారం,

ఈసారి పిడుగు అనట్లేదు. నీ గురించి దిగులుగా ఉంది.

నీ ఉత్తరం ఇంకా అందలేదు. లారీ ఆలస్యమైందేమో. అయినా ఆగలేక రాస్తున్నాను. పోయిన నెలలో నాలుగు సాయంత్రాలు వరసగా నువ్వు ఆ పెద్ద గిన్నె చుట్టూ తిరుగుతూనే ఉన్నావు. గుండ్రంగా, మళ్ళీ గుండ్రంగా. మధ్యలో గేటు దాకా పోయి, వెనక్కొచ్చి మళ్ళీ గిన్నె చుట్టూ. బావని పిలిచి చూపించాను. బావ ఈసారి అర్థమైంది అని కూడా అనలేదు. ఆ తర్వాత మూడు రోజులు గదిలోంచి కదల్లేదు నువ్వు. ఏమైందే? ఎవరైనా ఏమైనా అన్నారా? మనసు బాగోలేదా? పని పోతే పోయింది. నక్షత్రం లేకపోయినా మనం బతకగలం.

ఎలా తెలుసని అడిగి నన్ను విసిగించకు. నువ్వు ఎలా ఉన్నావో రాయి, అంతే.

అక్క

*

సెప్టెంబర్ 14

అక్కా,

నీ ఉత్తరం చదివి, కోటు విప్పి, లైనింగు కోశాను. వెన్ను దగ్గర, దూది మధ్యలో ఉంది. నీ కారు సీటు కింద ఉండే డబ్బాకి అన్నలాంటిది. టవర్లు లేని చోట కూడా సరాసరి ఉపగ్రహానికి చెప్పే రకం. నేను కదిలినప్పుడల్లా అరుస్తుంది. నా నక్షత్రం రెండో అంచు ఏ చోట మాట్లాడుతుందో, సరిగ్గా ఆ చోటే అరుస్తుంది.

దొంగ కోసం కొండంతా గాలించాను. దొంగని వీపున మోసుకుంటూ గాలించాను. నిరపరాధిని అందరి ముందూ నిలబెట్టి జేబులు తిరగేయించాను.

డబ్బా తీసుకెళ్ళి నేనే పెద్దాయన బల్ల మీద పెట్టాను. ఎవరి పరికరం వల్ల పని పాడయిందో వాళ్ళ షిఫ్టులు రద్దు, ఇక్కడి నియమం అది. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, నియమం నియమమే అన్నాడు. నా పని అయిపోయింది.

నువ్వు కోరుకున్నది ఇదేగా? గెలిస్తే రానని, ఓడితే వస్తానని నీకు మొదటి ఉత్తరంలోనే రాశాను. సంకేతం పంపే వస్తువు ఉండకూడదని కూడా అందులోనే రాశాను. రెండూ చదివాకే కోటు కుట్టించావు. సంతోషమేగా. నెలాఖరుకి వస్తాను. రెండో కారు కొనుక్కో.

*

సెప్టెంబర్ 22

ఒసే,

కింద పేరు కూడా పెట్టకుండా పంపావు. తిండి మానేశానని రాస్తాననుకుంటున్నావేమో, మానలేదు. కోపం వస్తే నాకు ఆకలెక్కువ.

తప్పు నాది. డొంకతిరుగుడు లేకుండా ఒప్పుకుంటున్నాను. నువ్వు ఫోను అన్నావు, ఇది ఫోను కాదుగా అనుకున్నాను. పైనున్న ఉపగ్రహంతో మాట్లాడేదానికి కింద ఉన్న గిన్నెతో పనేముందని అమ్మినవాడు కూడా అన్నాడు. వాడి మాట పట్టుకుని నిన్ను ముంచాను. నువ్వు చెత్త అని రాసినప్పుడు కూడా నాకు తట్టలేదు. తట్టి ఉంటే ఆ రోజే పరిగెత్తుకొచ్చేదాన్ని. బుద్ధి లేదా అని ఎవరినో తిట్టాను చూడు, ఆ తిట్లన్నీ నాకే తగిలాయి.

ఎందుకు చేశానో చెప్తాను. నువ్వు రోజూ ఫోను చేసేదానివి. తిన్నానని, ఇంటికి చేరానని, తలుపేసుకున్నానని. ఆ మూడు ముక్కలు వినకుండా నేను ఒక్కరోజు కూడా నిద్రపోలేదు. ఫోను తీసేసుకున్నారని చదివిన రోజే వెళ్ళి ఆ డబ్బా కొన్నాను. ఆ చుక్క కదిలితే నువ్వు లేచావని, ఆగితే పడుకున్నావని అనుకునేదాన్ని. పొద్దున్నే స్కూలు తాళాలు తీసే ముందు ఒకసారి చూసుకుంటే, ఇక ఆ పళ్ళ డాక్టరుని కూడా భరించగలిగేదాన్ని.

కానీ ఒక్క మాట మాత్రం ఒప్పుకోను. నిన్ను ఓడించి ఇంటికి తెచ్చుకోవాలని చేశానన్నావు. నాకు నువ్వు కావాలంటే నేను దొంగచాటుగా డబ్బాలు కుట్టను. ఎదురుగా వచ్చి, మీ పెద్దాయన చూస్తుండగానే చెయ్యి పట్టుకుని లాక్కొస్తాను. మీ అక్కని ఇన్నేళ్ళు చూసి నీకు ఆ మాత్రం తెలియలేదా?

నెలాఖరుకి బయల్దేరొద్దు. ఒక వారం ఆగు. ఎందుకని అడక్కు.

అక్క

*

అక్టోబర్ 21

అక్కా,

ఇంతకాలం రాయలేదు. కోపం వల్ల కాదు. ముందు కోపం, తర్వాత సిగ్గు, తర్వాత తీరిక లేదు. వరసగా చెబుతాను.

నేను పెట్టె సర్దుకుంటుంటే పెద్దాయన పిలిపించాడు. "వచ్చేవారం నా షిఫ్టులున్నాయి. నేను వాడుకోను. నువ్వు కూర్చో" అన్నాడు. నా వాదనకి చివరికి లొంగాడని మురిసిపోయాను. ఎంత మురిసిపోయానంటే, థాంక్స్ చెప్పడం కూడా మర్చిపోయాను.

ముందు వంటగదికి వెళ్ళాను. వంటాయన గిన్నెలు తోముతున్నాడు. "తప్పు నాది, అందరి ముందూ అన్నాను, అందరి ముందే చెబుతాను" అన్నాను. భోజనాల వేళ లేచి నిలబడి చెప్పాను కూడా. ఆయన, "మాటలు తర్వాత, అమ్మాయీ. కోటు లేకుండా ఆ గదిలో ఎలా కూర్చుంటావు?" అని అడిగాడు. ఆ వారమంతా గంటకోసారి వేడి సూపు తెచ్చి పెట్టాడు. మెకానిక్ గారు తన దుప్పటి ఇచ్చారు. దాన్ని గుచ్చి గుచ్చి వెతికాకే కప్పుకున్నాను.

మొదటి రోజు ఏమీ లేదు. కానీ చెత్త కూడా లేదు. ఖాళీగా, శుభ్రంగా గీత. రెండో రోజు కూడా అంతే. రోజురోజూ విన్నదాన్ని ముందు రోజుదానికి కలుపుతూ పోవాలి, అప్పుడు గానీ సన్నటిది పైకి తేలదు. గుట్టగా ఏదో లేస్తోందని నాలుగో రోజు అనుమానం. ఎవరికీ చెప్పలేదు. శనివారం మధ్యాహ్నం, ఎండ బల్ల మీద పడుతుంటే కాగితం బయటికొచ్చింది. ఉంది అక్కా! రెండో అంచు ఉంది. నేను చెప్పిన చోటే, మొదటిదానికి సరిజోడుగా, మన నుంచి దూరంగా పోతూ. పైగా నక్షత్రానికి దగ్గరున్న వాయువు వేగంగా, దూరంగా ఉన్నది నెమ్మదిగా. దారిన పోయే మబ్బు అలా తిరగదు. పళ్ళెమే అలా తిరుగుతుంది.

పెద్దాయన కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూశాడు. అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. "మబ్బు కాదు" అన్నాడు. తర్వాత, "ఈ వారం నీకు నేనిచ్చాననుకుంటున్నావా?" అని అడిగాడు. అప్పుడు చెప్పాడు నీ ఫోను సంగతి.

తీగ ఫోను ప్రాణం మీదికి వస్తేనే అని తెలిసీ చేశావట. కాపలాదారు, "ఎవరు పోయారమ్మా?" అని అడిగితే, "ఇంకా ఎవరూ పోలేదు. ఒక నక్షత్రం పోయేట్టుంది. మీ పెద్దాయన్ని పిలవండి" అన్నావట. ఆయన రాగానే, "డబ్బా పెట్టింది నేను, శిక్ష వేస్తే నాకు వేయండి, ఆ పిల్ల పని ఆ పిల్లకివ్వండి" అన్నావట. ఆయన నియమం అంటే, "మా స్కూల్లో స్టూడెంటు తప్పు చేస్తే బ్రేకు వేస్తాను గానీ, పక్కనున్నవాణ్ణి కారులోంచి దింపెయ్యను" అన్నావట. ముప్పై ఏళ్ళలో తనతో అలా మాట్లాడినవాళ్ళు లేరని చెబుతూ ఆయన నవ్వాడు. ఆయన నవ్వగలడని మాకు అప్పుడే తెలిసింది.

నిన్ను అనరాని మాటలన్నాను. అవి రాసిన చేతిని చూస్తే నాకే కోపంగా ఉంది. క్షమించు అక్కా.

ఇంకొక సంగతి. ఇలాంటి నక్షత్రాలు ఇంకా ఉన్నాయి, వాటికీ పళ్ళేలున్నాయేమో చూడమని ఇంకో ఏడాది ఇచ్చారు. ఉండటానికి ఒప్పుకుంటూ నేను సంతకం పెట్టాలి. కాగితం నా ముందే ఉంది. నువ్వు ఒక్క మాట రాయి, రమ్మంటే వచ్చేస్తాను. నిజంగానే అంటున్నాను.

నీ పిడుగు

*

అక్టోబర్ 30

పిడుగా,

రెండో అంచు దొరికిందన్న చోట ఆగి, బావకి ఆ ముక్క మళ్ళీ చదివాను. ఈసారి అర్థమైంది అనలేదు. "మన పిల్ల" అన్నాడు. లేచెళ్ళి, రెండో కారు రాదని తెలిసీ గరాజు తుడిచాడు.

క్షమాపణలు ఆపు. నాకూ చెప్పడం వస్తుంది, అలా మొదలుపెడితే తపాలా ఖర్చు తప్ప ఏమీ మిగలదు. మీ వంటాయనకి నా తరఫున నమస్కారం చెప్పు.

రమ్మంటే వచ్చేస్తానన్నావు. నీకు ఒకటి చెప్పాలి. ఆ రోజు ఫోను తీసే ముందు చాలాసేపు దాని ఎదురుగా కూర్చున్నాను. బావ వచ్చి పక్కన కూర్చుని, "నువ్వు ఈ ఫోను చెయ్యకపోతే పిల్ల నెలాఖరుకి ఇంట్లో ఉంటుంది. తెలుసుగా?" అన్నాడు. తెలుసు అన్నాను. తెలిసే చేశాను.

మీ పెద్దాయన చాలాసేపు బిగుసుకున్నాడు. నేను అరిచాను, బతిమాలాను, మళ్ళీ అరిచాను. చివరికి, "సరేనమ్మా, నా వారం ఇస్తాను" అన్నాడు. మర్యాదగా థాంక్స్ చెప్పి ఫోను పెట్టేశాను. పెట్టేసి, స్నానాల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. ఒక్క వారంలో ఏం తేలుతుందిలే, ఓడినా ఓడొచ్చు, వచ్చేస్తుందిలే అని బావ తలుపు అవతల నుంచి సముదాయిస్తున్నాడు. పిచ్చి మనిషి. నువ్వు ఓడిపోతావని నేను ఒక్క క్షణం అనుకుని ఉంటే ఎందుకేడుస్తాను?

సంతకం పెట్టు.

అక్క